వైర్ గార్డ్ వేసిన బల్బు

1965 సెప్టెంబర్. కలకత్తాకి నది అవతల, షాలిమార్ గూడ్సు యార్డులో నేను ఎలక్ట్రికల్ ఫిట్టర్‌ని. యార్డు దీపాలూ, పక్కనున్న క్వార్టర్ల వైరింగూ నా డ్యూటీ. ఆ నెల యుద్ధం వచ్చింది. పొద్దుగూకితే బ్లాక్‌ఔట్, అంటే ఏ దీపమూ ఆకాశానికి కనబడకూడదని హుకుం. కిటికీలకి నల్లకాగితం అంటించాలి, బల్బులకి నల్లరేకు టోపీలు తొడగాలి. పదేళ్ళుగా దీపాలు వెలిగించి జీతం తీసుకున్నవాణ్ణి, ఆ నెల మాత్రం దీపాలార్పి తీసుకున్నాను.

బ్లాక్‌ఔట్ సాయంత్రాలు చూడనివాళ్ళకి చెప్పడం కష్టం. ఏడుగంటలకల్లా ఎదురు ఒడ్డున మెటియాబ్రుజ్ మాయమైపోయేది. నది వినబడేదే తప్ప కనబడేది కాదు. విమానాలకి మాటలు కూడా వినిపిస్తాయన్నట్టు జనం గుసగుసలాడుకునేవారు. అలాంటి ఒక సాయంత్రం మా వాడలో దీపాలార్పించే వార్డెన్, ముసలి బెంగాలీ బాబు, ఆయాసపడుతూ నా దగ్గరికొచ్చాడు.

"మిస్త్రీ-దా, మీ తెలుగువాళ్ళ లైనులో పదకొండో నంబరు ఇల్లు వెలిగిపోతోంది. తలుపు కొడితే తియ్యడం లేదు. లోపల ఎవరో అరుస్తున్నారు."

అది యోహాను గారిల్లు. ఆయన యార్డులో క్రేను నడిపేవాడు. మాదీ వాళ్ళదీ శ్రీకాకుళం వైపే, చర్చిలో ఒకే బెంచీ. ఆయనకీ రూతమ్మగారికీ ఒక్కతే కూతురు, ఎస్తేరు. పంతొమ్మిదేళ్ళది. పగలు గడప దాటేది కాదు. ఎండ ముదిరేసరికి మంచం కిందకి దూరి తడిగుడ్డ కప్పుకునేది. దీపం పెడితే కళ్ళు మూసుకుని గోడకి తల కొట్టుకునేది. ఎవరి మొహంలోకీ చూడదు, మాటలు బహుతక్కువ. ఇప్పుడు దానికి ఆటిజం అని పేరుంది. అటువంటి కొందరికి వెలుగూ వేడీ మనకంటే ఎన్నోరెట్లు ఎక్కువగా తగులుతాయని డాక్టర్లు చెబుతున్నారు. అప్పుడు మాలో ఎవరికీ తెలియదు. మాకు తెలిసిన పేరు దయ్యం.

దయ్యానికి చీకటి ఇష్టం, వెలుగంటే భయం. సండేస్కూల్లో మేమందరం నేర్చుకున్నది అదే. అందుకని యోహాను గారు ఆ పిల్ల గదిలో పెద్ద బల్బు పెట్టించాడు. ఆమె పగలగొట్టింది. ఇంకోటి పెడితే దాన్నీ పగలగొట్టింది. జూలైలో ఆయన నన్ను పిలిచాడు. నేను రెండువందల వాట్ల బల్బు పెట్టి, దాని మీద వైర్ గార్డ్ వేశాను. యార్డులో రాళ్ళు తగిలి దీపాలు పగలకుండా వేసే ఇనపతీగల బుట్ట అది. నాలుగు స్క్రూలతో కప్పుకి బిగించాను. బిగిస్తున్నంతసేపూ మంచం కింద ఆ పిల్ల అరుస్తూనే ఉంది. దయ్యం బెదిరిందనుకున్నాను. పని శుభ్రంగా కుదిరిందని మురిసిపోతూ ఇంటికెళ్ళాను కూడా.

వార్డెన్ సందు మొదట్లోనే ఆగిపోయాడు. నేను ఒక్కణ్ణే వెళ్ళాను. నల్లటి లైనులో ఆ ఇంటి తలుపు సందుల్లోంచి తెల్లటి గీతలు రోడ్డు మీద పడుతున్నాయి. గోడ నిండా పురుగులు. లోపల పదిమంది కలిసి ప్రార్థన చేస్తున్న హోరు. దాని మీద ఒకే ఒక్క కేక, ఎక్కడా ఊపిరి తీసుకోని కేక. నా పేరు చెప్పి తలుపు కొట్టాక రూతమ్మగారు తీశారు.

పొయ్యిలో మొహం పెట్టినట్టయింది. పైన నా బల్బు, కింద మూడు పెట్రోమాక్స్ లైట్లు బుసకొడుతున్నాయి. వెలుగూ కేకా బయటికి పోకుండా కిటికీలకి దుప్పట్లు కట్టేశారు. మధ్యలో కుర్చీకి ఎస్తేరుని చీరతో కట్టి ఉంచారు. సంఘపెద్ద పౌలయ్య గారు ఆమె గడ్డం పట్టుకుని మొహం వెలుగు వైపు ఎత్తి పట్టుకున్నారు. ఆయన క్రూరుడు కాదు, ఆయన కళ్ళల్లోనూ నీళ్ళున్నాయి.

"యోహాను గారూ, దీపాలార్పండి. హుకుం ఉంది కదా."

"ఈ పూట ఆర్పితే మా గుంట దక్కదు తమ్ముడూ. మూడురోజులుగా సేస్తన్నాం. సగం ఎల్లిపోనాది అది. ఇయ్యాల పూర్తిగా ఒదలకపోతే ఆదివారం రైలెక్కించీసి కొండకాడి ప్రార్థన దొడ్డికి తోలీడమే."

ఆ దొడ్డి సంగతి నాకు తెలుసు. అలాంటివాళ్ళని మిట్టమధ్యాహ్నం గుంజలకి కట్టి ఎండలో నిలబెడతారు. మా చుట్టం ఒకాయన అక్కణ్ణించి తిరిగి రాలేదు.

నేను వాదించలేదు. నాకు ధైర్యం కూడా లేదు. వరండాలోకి వెళ్ళి కట్-ఔట్ తెరిచాను. ఇంట్లోకి కరెంటు వచ్చేచోట ఉండే పింగాణీ పెట్టె అది. అందులోంచి ఫ్యూజు లాగేశాను. లోపలికొచ్చి పెట్రోమాక్సుల గాలి స్క్రూలు ఒక్కొక్కటే వదిలాను. ఎవరో నా చొక్కా పట్టుకున్నారు. మూడోది కూడా ఆరిపోయింది.

కేక ఆగిపోయింది. మెల్లగా తగ్గలేదు. నేను లాగిన ఫ్యూజుకే అది కూడా తగిలించి ఉన్నట్టు, ఠక్కున ఆగింది.

ప్రార్థన కూడా ఆగిపోయింది. ఎవరో చిన్నగొంతుతో "పోనాదా?" అన్నారు. రూతమ్మగారు వెక్కడం మొదలుపెట్టారు. నేనే చంపేశానని అనుకున్నాను.

అప్పుడు చీకట్లోంచి, కొంచెం బొంగురుగా, మామూలు గొంతు వినబడింది.

"అమ్మా. దాహమేస్తంది."

ఆ గొంతు అంత నెమ్మదిగా మాట్లాడగా మేమెవరమూ వినలేదు. రూతమ్మగారు చెంబు కోసం తడుముకుంటూ ఎవరికో తగిలి పడ్డారు.

"నీ కుడికాలికాడ ఉన్నాది సెంబు," అంది ఆ గొంతు.

తల్లి కట్లు విప్పింది. నీళ్ళు తాగిన చప్పుడు విన్నాం. తరవాత అడుగుల చప్పుడు. మేమందరం ఒకరినొకరం గుద్దుకుంటుంటే, ఎస్తేరు ఎవరికీ తగలకుండా నడిచొచ్చి నా ముందు ఆగింది. మనిషి కనబడలేదు. వేడిగా ఊపిరి మాత్రం నా మెడకి తగిలింది.

"నువ్వే పెట్టినావు. నానరిసేను. నువ్వు బిగించినావు. నాలుగు."

నాలుగు స్క్రూలు.

"సూసారా," అన్నారు పౌలయ్య గారు. "సీకటైతే గానీ మాటాడలేదు. ఏటిది? మాటాడతన్నాది ఈ పిల్ల కాదు."

యోహాను గారు అవునన్నట్టు మూలిగాడు. ఆ మూలుగులో నాకు ఆదివారం రైలు వినబడింది. అప్పుడు నాకు వచ్చిన విద్య ఒక్కటే అక్కరకొచ్చింది. ఇంట్లో ఫాల్టుంటే ముందు లైన్లన్నీ విడదీస్తాం. తరవాత ఒక్కొక్కటే కలుపుతాం. ఏది కలిపినప్పుడు గొడవ మొదలవుతుందో ఫాల్టు అక్కడుందన్నమాట.

"దయ్యం సంగతి నాకు తెలీదు," అన్నాను. "ఇప్పుడు విడదీశాం, ఆగింది. ఆదివారం దాకా నన్ను ఒక్కొక్కటే కలిపి చూడనివ్వండి. ఫ్యూజు నా జేబులో ఉంటుంది. కాదంటే వార్డెన్‌ని లోపలికి పిలిచి దీపాల కేసు రాయిస్తాను."

ఆ బెదిరింపుకి ఇప్పటికీ సిగ్గుపడను.

మర్నాడు సాయంత్రం కిటికీల దుప్పట్లు తీయించాను. ఆర్పిన ఇంటికి అవి అక్కర్లేదు గదా. నది గాలి లోపలికొచ్చింది. పగలు తడిపిన గోనెపట్టాలు కట్టమన్నాను. చిన్న కొవ్వొత్తి తలుపు చాటున పెట్టి, "ఇది?" అని అడిగాను.

"పరవానేదు."

హరికేన్ లాంతరు వత్తి తగ్గించి పెట్టాను. "ఇది?"

ఆమె మొహం తిప్పేసుకుంది. "గుచ్చతంది. సూదులు." లాంతరు బయటపెట్టాను.

నాలుగు సాయంత్రాలు అదే పని. ఒక్కసారి కూడా ఆమె కేక వెయ్యలేదు. అడిగినదానికల్లా జవాబు చెప్పింది. పంతొమ్మిదేళ్ళలో ఎవరూ ఆమెని ఆ ప్రశ్న అడగలేదని నాకప్పుడు అర్థమైంది. శనివారం ఆమె చీకటి వంటింట్లో కూర్చుని బియ్యంలో రాళ్ళు వేళ్ళతోనే ఏరింది. యోహాను గారు గుమ్మంలో నిలబడి అది చూశాడు. వెళ్ళి యార్డు గోడవైపు తిరిగి ఏడ్చాడు. ఆదివారం రైలు ఆమె లేకుండానే వెళ్ళింది. పౌలయ్య గారు మాత్రం చాలాకాలం నాతో మాట్లాడలేదు.

కొన్నాళ్ళకి హుకుం ఎత్తేశారు. క్వార్టర్లలో అన్ని దీపాలూ ఒకేసారి వెలిగాయి, జనం వీధుల్లోకొచ్చి నవ్వుకున్నారు. నేను నిచ్చెన భుజాన వేసుకుని ఇంటింటికీ వెళ్ళి నల్లటోపీలు విప్పి రిజిస్టర్లో రాసుకున్నాను. పదకొండో నంబరు ఒక్కటే చీకటిగా ఉంది. రూతమ్మగారు గుమ్మంలో అడ్డంగా నిలబడ్డారు.

"మా టోపీ ఒగ్గీ బాబూ. మాకింకా అక్కరున్నాది."

లోపలికెళ్ళి వైర్ గార్డ్ విప్పాను. రెండువందల వాట్ల బల్బు తీసి పదిహేను వాట్లది పెట్టి, వరండా బల్బుకున్న నల్లటోపీ దీనికి తొడిగి, ఫ్యూజు మళ్ళీ పెట్టాను. స్విచ్ వేసే ముందు మంచం కింద చీకటిని "వెయ్యనా?" అని అడిగాను. కాసేపటికి "ఊఁ" అంది. రిజిస్టర్లో ఆ ఇంటికి ఎదురుగా "తీసివేయబడినది" అని రాశాను. నా సర్వీసులో తెలిసి రాసిన అబద్ధం అదొక్కటే.

ఆ తరవాత రిటైరయ్యేదాకా ఎవరింట్లో దీపం పెట్టినా, కింద కూర్చునేవాళ్ళని ముందు అడిగేవాణ్ణి. నవ్వేవాళ్ళు నవ్వేవారు. ఫాల్టు వెతికేవాడు మొదట తను బిగించినదాన్నే చూసుకోవాలని ఆ ఇంట్లో నేర్చుకున్నాను. నేర్చుకోవడానికి సెప్టెంబర్ దాకా పట్టింది. ఎస్తేరు జూలైలోనే చెప్పింది. అప్పుడు నేను స్క్రూలు బిగిస్తున్నాను.