పెనుకొండలో అన్న మాట

పెనుకొండలో బంధువుల పెళ్లిలో, భోజనాల దగ్గర, మా అన్న నా గురించి ఒక మాట అన్నాడు. "వీనికి నోరు పనిచేసినంత చెయ్యి పనిచెయ్యదబ్బా." పప్పు వడ్డిస్తున్న మనిషి కూడా గరిటె ఆపి నవ్వాడు. పదకొండేళ్లయింది. నవ్వినవాళ్లలో ఎవరు ఎక్కడ కూర్చున్నారో ఇప్పటికీ చెప్పగలను. అన్నను నిలదీశాను, పెద్దమనుషులకు చెప్పుకున్నాను. ఆయన ఆ మాట వెనక్కి తీసుకోలేదు. నేనూ వదల్లేదు.

అయినా ధర్మవరంలో మా ఇద్దరిదీ ఒకటే మగ్గం. పొద్దున ఆయన, మధ్యాహ్నం నుంచి నేను. పని ఇచ్చేది హిందూపురం షావుకారు. చీర మగ్గం దిగగానే ఇద్దరం రైల్లో తీసుకెళ్లి ఇచ్చి వస్తాం.

పోయిన ఏడాది నెమలికంఠం రంగు చీర నేశాం. పొడవునా పోయే పడుగు నీలం, అడ్డంగా నేసే పేక పచ్చ. చెంగుకు మాత్రం పేక కూడా నీలమే. దారం చుట్టిన కండెలు పెట్టెలో ఎడమ పక్క పచ్చవి, కుడి పక్క నీలంవి ఉండేవి. అన్న పెట్టె వైపు చూడకుండా ఎడమ పక్కకే చెయ్యి పెట్టేవాడు. అలవాటు అనుకున్నాను. ఒకరోజు నేను కదిరి పోయి వచ్చేసరికి పెట్టె అటుదిటుగా తిరిగి, నీలం కండెలు ఎడమ పక్కకొచ్చి ఉన్నాయి. వదిన ఊడ్చేటప్పుడు జరిపి ఉంటుందని సరిచేసి పెట్టాను. ఆ రోజంతా నేసింది అన్న ఒక్కడే. ఆ గుడ్డ అప్పటికే మగ్గం మీది చుట్టలోకి వెళ్లిపోయింది, నేను చూడలేదు.

షావుకారు అంగట్లో చీర విప్పాడు.

"ఏమప్పా, ఈడ జానెడు మేర రంగు సచ్చిపొయ్యుండాది. ఎవురి చెయ్యి ఇది?"

నీలం మీద నీలం పడింది. చూడగానే తిరిగిన పెట్టె గుర్తొచ్చింది, అన్నకు రంగులు తెలియడం లేదని అర్థమైంది. అన్న ముఖంలో నెత్తురు లేదు. 'మా అన్నకు కండ్లు కనపడవు' అని నేనంటే చాలు, ఆయనకు మళ్లీ పడుగు ఇచ్చేవాళ్లుండరు. ఆయనకు వేరే పని రాదు. పెనుకొండ మాటకు పదేళ్లుగా నేను వెతికిన జవాబు నాలుక మీదే ఉంది.

తల వంచుకుని నిలబడ్డాను.

"అట్లైతే నువ్వేలే," అన్నాడు షావుకారు. "ఊరంతా పంచాయితీలు పెట్టే నోరు ఈడ మూగబొయ్యిందే! ఆ నోరు కట్టేసి కండెలు సూసుకోప్పా."

అంగట్లో ఇంకో ఇద్దరు నేతగాళ్లు నవ్వారు. వాళ్లూ నాకు గుర్తున్నారు.

తిరుగు రైలు పెనుకొండలో ఆగింది. అన్న కిటికీ అవతలికి చూస్తూ అన్నాడు.

"ఆ కొండ నాకు మబ్బు మాదిరి కనపడతాంది రా."

కిటికీ వదిలి నావైపు తిరిగాడు.

"తిట్టైనా తిట్టు అబ్బీ."

నోరు తెరిస్తే పెళ్లినాటి మాట కూడా బయటికొచ్చేది. రైలు కదిలేదాకా పళ్లు బిగబట్టి కూర్చున్నాను. ఆ ఊళ్లో నోరు మూసుకోవడం నాకెంత కష్టమో ఆయనకు తెలుసు.

మర్నాడు పొద్దున మగ్గం దగ్గరికి పిలిచి, రెండు కండెలు చూపించాడు. "పచ్చ యాది రా?" ఎన్నడూ నన్ను ఏదీ అడిగిన మనిషి కాదు. పచ్చ కండె ఆయన చేతిలో పెట్టాను. ఆ వారమే కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ఆపరేషనై ఆయన ఇంట్లో ఉన్న నెల రోజులూ రెండు పూటలా నేనే నేశాను. షావుకారుకు తెలియలేదు.

ఇప్పుడు అన్న పెట్టెలోకి చూసే కండె తీస్తాడు. పెనుకొండలో అన్న మాట మాత్రం ఇంకా వెనక్కి తీసుకోలేదు. నేనూ అడగడం లేదు. మరిచిపోయి కాదు.