ఎడమ వైపు పైపు

2004 వేసవి. తాడేపల్లిగూడెంలో నాది బుల్లెట్ ఇంజిన్లు విప్పి బిగించే షెడ్డు. అంతకు ముందు ఏలూరులో ఒక దినపత్రిక డార్క్ రూమ్‌లో నాలుగేళ్లు ఫోటోలు కడిగాను. షెడ్డు పెట్టాక కూడా ఆ పత్రికకు గూడెం వార్తలు రాసి పంపేవాణ్ణి.

కొల్లేరులో చేపల చెరువులున్న రాజు గారు ఒక రోజు పాత ఫోటో ఒకటి పట్టుకొచ్చారు. వాళ్ల అన్నగారు మిలటరీలో ఉన్న రోజుల్లో ఫ్లాట్ ట్రాక్ పందేల్లో బండి నడిపేవారట. చదునైన మట్టి నేల మీద, ఎప్పుడూ ఎడమకే తిరుగుతూ సాగే మోటారు సైకిళ్ల పందెం అది. బండికి ముందు బ్రేకు ఉండదు. మలుపులో వెనక చక్రాన్ని జారనిచ్చి, ఎడమ కాలు నేలకు రాస్తూ తిప్పాలి. అన్నగారు పోయి ఏడాది కావస్తోంది. సంవత్సరీకం నాటికి అచ్చం ఆ ఫోటోలో ఉన్నలాంటి బండి, అంటే రెప్లికా, తయారవ్వాలి. మర్నాడు ఎండగట్టిన తన చెరువులో దాన్ని స్వయంగా నడపాలి. అదీ రాజు గారి కోరిక.

పాత బుల్లెట్ ఇంజిన్ నా వంతు. ఫ్రేము, ట్యాంకు, పొగ వెళ్లే ఎగ్జాస్ట్ పైపు పక్క షెడ్డు గ్యాస్ వెల్డర్ జోసెఫ్ వంతు. నాకంటే పదిహేనేళ్లు చిన్నవాడు.

ఇంజిన్ మీద నెల రోజులు కూర్చున్నాను. చూడ్డానికి వచ్చినవాళ్లు మాత్రం నా బల్ల దాటి జోసెఫ్ దగ్గరకే వెళ్లేవారు. రాజు గారూ అంతే. ఫ్రేము మీద చెయ్యి వేసి నిమిరేవారు.

"ఏం పనితనమండీ వీడిది! మీరూ లోపల బాగానే చేసుంటారు లెండి, మేస్త్రీ గారూ. మాకు కనపడదు కదా."

నవ్వాను. ఆ పూట అన్నం సహించలేదు.

ఫోటో కింది భాగం చెమ్మకు మరకలు పడి ఇంజిన్ తెలియడం లేదు. బండి వెనక నిలబడ్డ అన్నగారు, ముందు ఎనిమిదో నంబరు పలక, ఎడమ వైపు పొడుగ్గా సాగిన పైపు మాత్రం స్పష్టంగా ఉన్నాయి. ఒక సాయంత్రం జోసెఫ్ దాన్ని తీసుకుని నా దగ్గరకు వచ్చాడు.

"మేస్త్రీ గారూ, కాలు దించే వైపే పైపు పెడతారాండీ? పిక్క కాలదూ? రాజు గారేమో ఫోటోలో ఎలా ఉంటే అలాగే అంటున్నారు."

ఫోటో వెలుగులో పెట్టి చూశాను. చొక్కా జేబు కుడి రొమ్ము మీద ఉంది. గడియారం కూడా కుడి చేతికే ఉంది. డార్క్ రూమ్‌లో ఆ తప్పు నేనూ చేసి తిట్లు తిన్నాను. నెగటివ్‌ను తిరగేసి ప్రింటు తీయడంతో కుడి ఎడమైంది. అసలు బండికి పైపు కుడి వైపున ఉండేది.

"ఫోటోలో ఉన్నట్టే చెయ్యి," అన్నాను.

జోసెఫ్ పైపులో ఇసుక దట్టించి, ఎర్రగా కాల్చి, నొక్కు పడకుండా వంచి, ఇంజిన్ ముందు నుంచి ఎడమకు తిప్పాడు. అంత చక్కటి వంపు నేను మళ్లీ చూడలేదు. మెచ్చుకునేవాళ్లు పెరిగిన కొద్దీ, అది తప్పు వైపున ఉందన్న సంగతి నాకు ఊరటగా ఉండేది. పది రోజులు అలాగే గడిపాను.

సంవత్సరీకం మర్నాడు పొద్దున్నే చెరువులోకి బండి దించాం. అడుగు బంకమన్ను ఎండి సిమెంటు గచ్చులా ఉంది. గట్టు మీద ఊరి జనం. అన్నగారి ఫోటో జోసెఫ్ చేతిలో ఉంది. నేను కిక్కు కొట్టి ఇంజిన్ వేడెక్కించాను. పంచె విప్పి నిక్కరుతో ఉన్న రాజు గారు బండెక్కారు. ఎడమ కాలు కిందికి జాపి సరిచూసుకుంటున్నారు. పిక్కకీ పైపుకీ మధ్య రెండు వేళ్ల సందు కూడా లేదు.

హ్యాండిల్ పట్టుకున్నాను. "దిగండి రాజు గారూ. ఈ ఫోటో తిరగబడిందండీ."

జేబు చూపించాను, గడియారం చూపించాను. రాజు గారు ఫోటోను చేతిలోకి తీసుకుని చూశారు.

"అవునండోయ్. అన్నయ్య గడియారం ఎడం చేతికే పెట్టుకునేవాడు. ఇన్నేళ్లు గోడకున్నా నేను చూళ్లేదు."

జోసెఫ్ నా వైపు తిరిగాడు. "ఎప్పుడు పట్టుకున్నారండీ మేస్త్రీ గారూ?"

"ఇప్పుడే."

అతను నా రెండు చేతులూ పట్టుకున్నాడు. "మీరు చూడకపోతే నా చేతుల్తో నేనే ఆయన కాలు కాల్చేవాణ్ణండి."

"కన్నంటే మేస్త్రీ గారిదండీ," అని రాజు గారు గట్టు మీదివాళ్లకి వినపడేలా చెప్పారు. నెల్లాళ్లు నేను కోరుకున్న మాట అది. తల ఎత్తి ఎవరి వైపూ చూడలేకపోయాను.

జోసెఫ్ వారంలో కుడి వైపుకి కొత్త పైపు వంచాడు. రాజు గారు ఆ చెరువులో నాలుగు చుట్లు తిరిగారు.

అప్పటి నుంచి, సాటి పనివాడు తన పని చూడమంటే నాకు కనిపించింది అప్పటికప్పుడే చెప్పేస్తున్నాను. మర్నాటికి వాయిదా వేస్తే నేనేం చేస్తానో నాకు తెలుసు.

జోసెఫ్ ఇప్పటికీ కొత్తవాళ్లకు నన్ను చూపించి ఆ కథ చెబుతాడు, నా కన్ను ఎంత చురుకైనదో చెప్పడానికి. ఈసారి నన్నే చెప్పనియ్యి జోసెఫూ. నువ్వు అడిగిన సాయంత్రమే నేను చూశాను.