రూటర్‌కు కట్టిన నిమ్మకాయ

మూడేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. బయటికి కనబడదు. వేదిక ఎక్కి మైకు పట్టుకున్నప్పుడు మాత్రం దాని బరువు తెలుస్తుంది. నా పేరు చెప్పను. చెబితే మీలో ఎవరో ఒకరు జాలిపడతారు. ఆ జాలి నాకు అక్కర్లేదు.

పగలు మదనపల్లెలో ఇంటర్నెట్ ఆఫీసులో పని. సాయంత్రాలు ఊళ్లలో సభలు. మహిమల గుట్టు విప్పడం, "నమ్మొద్దు, పరీక్షించి చూడండి" అని జనానికి చెప్పడం. సదుం సభలో ఆ మాట విన్నవాళ్లలో సుజాత ఒకరు. పుంగనూరు దగ్గరి పల్లె, కూలికి పోయే కుటుంబం. కుప్పంలోని ఒక ఆఫీసు తరఫున ఇంటి నుంచే కాల్స్ మాట్లాడేది. ఆ ఇంట్లో మొదటి నెలజీతం ఆమెదే. కాల్ మధ్యలో మాట తెగిపోతోందని ఫిర్యాదు చేస్తే వెళ్లాను. స్పీడ్ చూశాను. నిండుగా ఉంది. లోపం మాది కాదన్నాను.

ఆమె నోట్‌బుక్కు తెచ్చింది. భర్త ఫోన్ నుంచి వీడియోలు పోతున్నప్పుడు మాట ఆగుతోంది, అవి ఆపితే సాగుతోంది. వారం రోజులు పూటపూటా రాసిపెట్టింది.

"మీరే కదన్నా, పరీక్ష చేసి సూడమనింది" అంది.

నవ్వాను. ఆమె అత్త ముందు, భర్త ముందు నవ్వాను. తెర మీది అంకెను నమ్మి, ఆమె చెవులను అబద్ధమన్నాను. రాయికి మొక్కేవాణ్ణి ఎగతాళి చేసే నేను, ఆ అంకెకు మొక్కలేదా?

కాల్స్ తెగుతున్నాయని కుప్పం వాళ్లు ఆమెను తీసేశారు.

ఆ వారమే ఇంట్లో ఆన్‌లైన్ చర్చ మధ్యలో నా మాటే ఆగిపోయింది. పక్కగదిలో మా ఆవిడ పెళ్లి వీడియోలు పంపుతోంది. మనసొప్పకపోయినా సుజాత చేసిన పరీక్షే చేశాను. ఆమె రాసిందే నిజం. మా ఆఫీసు అందరికీ ఇచ్చే రూటర్ అన్నిటినీ ఒకే వరుసలో నిలబెడుతోంది. కొండంత వీడియో వెనక చిటికెడు మాట ఇరుక్కుంటోంది. వరుస పెరగకుండా చూసే సాఫ్ట్‌వేర్ ఆ పెట్టెలోనే ఉంది. దాన్ని ఆన్ చేయాలని మాలో ఎవరికీ తోచలేదు, అంతే.

మరునాడు ఆఫీసు నుంచే ఆమె రూటర్‌లో దాన్ని ఆన్ చేశాను. ఎవరికీ చెప్పలేదు.

రెండు రోజులకు ఫోన్ చేసింది.

"అన్నా, మళ్లీ పరీక్ష చేసి సూసినా, ఇప్పుడు మాట యాడా ఆగడంలా. మీరేమన్నా మార్చినారా? మార్చింటే లోపం లైనుదేనని ఒక్క ముక్క రాసీండన్నా. అది సూపిస్తే మళ్లీ తీసుకుంటామంటాండారు కుప్పం వాళ్లు."

"మేమేం ముట్టుకోలేదమ్మా."

వెనక నుంచి అత్త గొంతు. "ఆయప్పను యాల అడుగుతావే? మొన్న నేను దానికి నిమ్మకాయ కట్టినాకనే గదా సరిపోయింది! నీ పుస్తకంతో ఏమన్నా అయ్యిందా?"

సుజాత ఫోన్ పెట్టేసింది. ఉద్యోగం మళ్లీ రాలేదు.

ఎందుకన్నాను ఆ మాట? ఆఫీసు భయమా? కాదు. రాసిస్తే నన్నెవరూ ఏమీ అనేవారు కాదు. నేను చెప్పిన పాఠాన్ని నాకంటే బాగా ఆచరించిన మనిషిని చూసి నవ్వానని, ఆ మనిషి ముందే ఒప్పుకోవాల్సి వచ్చేది. అది చేతకాక, ఆమె ఇంట్లో ఆమె తర్కాన్ని ఒక నిమ్మకాయ కింద తొక్కేశాను. ఊరూరా దొంగ మహిమల గుట్టు విప్పేవాణ్ణి, ఒక మహిమను నా చేతులతో తయారుచేశాను.

అక్కడితో ఆగానా? సోమల సభలో రూటర్‌కు నిమ్మకాయ కట్టిన అత్త కథ చెప్పి అందరినీ నవ్వించాను. ముందు వరుసలోంచి ఒక పెద్దాయన లేచి, "మరి ఎట్లా బాగయిందప్పా?" అన్నాడు. "కాకతాళీయం" అన్నాను. చప్పట్లు కొట్టారు.

చిన్న విషయమే కదా అని మీరు అనకండి. పరీక్షించి చూడమని ఇంకెవరికైనా చెప్పే ముందు ఇది రాయాలి నేను.

సుజాతమ్మా, బాగుచేసింది నిమ్మకాయ కాదు. నేను. నీ నోట్‌బుక్కులో ఉన్నది నిజమని తెలిసి చేశాను, తెలిసి దాచాను. లోపం లైనుదే.

ఆ ఒక్క ముక్క, మూడేళ్లు ఆలస్యంగా, రాసిచ్చాను. నా బరువు కాస్త దిగింది. నీకు పోయింది మాత్రం పోయిందే.