పరామర్శకు రావొద్దన్న డాక్టరమ్మ

ఈ పొద్దున షెడ్డు కడిగి ఆరబెట్టాక సున్నంలో నీళ్ళు పోశాను. బుసబుసా పొంగి ఆ ఘాటు ముక్కుకు తగలగానే విమలమ్మగారు గుర్తొచ్చారు. జగ్గయ్యపేటలో పశువుల డాక్టరుగా చేసి బదిలీ మీద వెళ్ళిపోయారావిడ. మాట కటువు, హస్తవాసి మంచిది. నందిగామ రోడ్డు పక్కన పందులు పెంచుకునే మాలాంటివాళ్ళ దగ్గరికి ముక్కు మూసుకోకుండా వచ్చిన డాక్టరు, నాకు తెలిసి, ఆవిడే మొదలు.

నేను షెడ్డు వేసిన కొత్తలోనే పందులకు రక్త విరేచనాలు పట్టుకున్నాయి. మేత మానేసి, డొక్కలు ఎండిపోయి గోడవారన పడి ఉండేవి. ఆవిడ పెంట నమూనా తీసి పరీక్షకు పంపారు. "ఇది పెంటలో ఉండే బాక్టీరియా అయ్యా. ఒక పంది పెంటలోంచి ఇంకో పంది నోట్లోకి పోద్ది. దానికి కాళ్ళు లేవు, మన కాళ్ళే దాని కాళ్ళు" అన్నారు. నీళ్ళలో మందు కలిపించి, జబ్బువాటిని విడిగా పెట్టించారు. మంచివాటికి మేత వేశాకే వాటి దగ్గరికి వెళ్ళాలి, అక్కడికి వేరే బూట్లు వేసుకోవాలి, తను సరేననేదాకా ఒక్కదాన్నీ అమ్మకూడదు. షెడ్డు కడిగించి సున్నం కొట్టించారు, ఎలుక బొరియలు కూడా మూయించారు. అన్నీ చేశాను. చూడ్డానికి వచ్చినవాళ్ళను గేటు దగ్గరే ఆపమన్న ఒక్కటి మాత్రం నావల్ల కాలేదు.

మా వైపు ఎవరి గొడ్డు జబ్బుపడినా నలుగురూ వచ్చి, లోపలిదాకా నడిచి, చేత్తో తట్టి చూసి వెళ్ళాలి. రాకపోతే తప్పు, రానివ్వకపోతే ఇంకా పెద్ద తప్పు. నాన్న పోయాక నన్ను పెంచిన పెదనాన్న షెడ్డు రోడ్డుకు అవతలే ఉంది. ఆయన ఆడపందులు అప్పుడు ఈనడానికి సిద్ధంగా ఉన్నాయి. జబ్బు రోడ్డు దాటితే ఆ పిల్లలు దక్కవు, ఆయన బతుకంతా వాటి మీదే. ఒక ఆదివారం చర్చి నుంచి ఆయన నేరుగా మా గేటు వైపు రావడం కనిపించింది.

"మీరు చెప్పండమ్మా" అని, పందులకు మందివ్వడానికి వచ్చి ఉన్న డాక్టరమ్మను బతిమాలాను.

"నేను చెబితే నా పొగరనుకుంటారు. పెదనాన్నా అని పిలిచేది నువ్వు, నువ్వే చెప్పాలి" అని, గేటు బయట కుర్చీ వేయించి ఆవిడ పక్కకు తప్పుకున్నారు.

గేటుకు అడ్డంగా నిలబడ్డాను. "పెదనాన్నా, లోపలికి రావొద్దు."

"నేను పెంచినోడివి, నన్నే ఆపుతున్నావంట్రా?"

"నీ పందుల కోసమే పెదనాన్నా. మా పెంట నీ చెప్పులకి అంటిందా, అయిపోయినట్టే."

ఆయన కుర్చీ వైపు చూడనైనా చూడకుండా వెళ్ళిపోయారు. నాకు ఏడుపొచ్చేసింది. "ఏడువు, ఫర్వాలేదు. గేటు మాత్రం తియ్యకు" అన్నారు విమలమ్మగారు. ఆ క్షణాన ఆవిడ మీద నాకు పీకలదాకా కోపం వచ్చిన మాట నిజం.

కొన్ని పందులు చచ్చాయి. మిగతావి మెల్లగా మేత ముట్టాయి. పెంట గట్టిపడిందని సంబరపడ్డ మొనగాడు ఈ లోకంలో నేనొక్కడినేనేమో! "తేరుకున్నా కొన్నాళ్ళు రోగం మోస్తాయయ్యా, అప్పుడే గంతులెయ్యకు" అని డాక్టరమ్మ నవ్వారు.

ఈలోగా పెద్దమ్మ ఫోన్ చేసింది. వాళ్ళ పంది ఈనింది, పిల్లలన్నీ బాగున్నాయి. ఇక నాకు ఒళ్ళు తెలియలేదు. షెడ్డు బూట్లతోనే రోడ్డు దాటి పరిగెత్తాను. గేటు మీద చెయ్యి వేశానో లేదో, లోపల్నుంచి పెదనాన్న కేక.

"ఆగరా అక్కడే! ఆ బూట్లతో లోపలికొస్తే కాళ్ళిరగ్గొడతా. మీ డాక్టరమ్మ నీకేం నేర్పిందిరా?"

ఆ ఆదివారం తర్వాత ఆయన నాతో మాట్లాడిన మొదటి మాట అది. గుండెల మీంచి బరువు దిగిపోయి, రోడ్డు మీదే నిలబడి నవ్వాను. ఆయన ఒక పిల్లను రెండు చేతులా ఎత్తి దూరం నుంచే చూపించారు. కడుపు నిండా పాలు తాగి కీచుకీచుమంటోంది. అయినవాళ్ళను వద్దనాల్సి వచ్చినప్పుడల్లా ఇప్పటికీ నాకు ఆ పిల్ల నిండు బొజ్జ కళ్ళముందు మెదులుతుంది. గొంతు వణకదు.