డోటన్‌బోరిలో పప్పన్నం

మా బృందాన్ని జపాన్ పంపిన గవర్నర్‌పేట టూర్ ఆఫీసుకు ఎన్నిసార్లు తిరిగినా నా మాట ఎవరూ చెవిన పెట్టలేదు. అందుకే నలుగురూ చదివేలా ఇక్కడ రాస్తున్నాను. మమ్మల్ని జపాన్ తిప్పిన గైడు మీద నాకు కోపం లేదు, కానీ అతని చెయ్యి మరిచిపోలేను. ఎవరైనా పక్కకు జరిగితే చాలు, చొక్కా కొస పట్టుకుని "మనవాళ్లతోనే ఉండండి బాబాయి గారూ" అనేవాడు.

ఒసాకాలో డోటన్‌బోరి వీధికి వెళ్లాం. ఎటు చూసినా రంగు దీపాలు, పాటలు, దుకాణాలు. పెనాల మీద ఆక్టోపస్ ముక్కలు పెట్టిన గుంటపొంగణాల్లాంటివి వేగుతున్నాయి. కొల్లేటి చేపలమ్ముకుని బతికినవాణ్ణి, వాటిని రుచి చూడాలనే అంతదూరం వెళ్లాను. గైడు మమ్మల్ని అక్కడే ఒక హోటలు నేలమాళిగలోకి దింపి, వెంట తెచ్చిన వంటవాడి పప్పన్నం ముందు కూర్చోబెట్టాడు. నేను లేచి మెట్ల దాకా వెళ్లాను. చొక్కా దొరకబుచ్చుకున్నాడు.

"ఒక్కటి తినొస్తానయ్యా."

"మీరు తప్పిపోతే నా ఉద్యోగం పోద్దండీ."

"పోనీ, నువ్వెప్పుడైనా తిన్నావా?"

"ఎన్నిసార్లొచ్చినా నా డ్యూటీ ఈ మెట్ల దగ్గరేనండీ," అని నవ్వాడు. చొక్కా మాత్రం వదల్లేదు.

భోజనాలయ్యాక నేరుగా బస్సెక్కించారు. ఆఫీసువారూ, నన్నూ ఆ గైడునీ ఆ వీధిలో ఒక్క గంట వదిలేస్తే మీకేం పోయేది? ఇప్పటికైనా జవాబు చెప్పండి.