బ్రేకు తీసే మందు, నా బేరం

సిరొంచ బజారులోని మా కొట్టుకు చుట్టుపక్కల అడవి ఊళ్ల నుంచి ఇప్పపువ్వు వచ్చేది. బస్తా అడుగున తడి ఉందా అంటే అమ్మేవాళ్లు లేదనేవారు. అదే సరుకును మంచిర్యాల వ్యాపారికి అమ్మేటప్పుడు మేమూ లేదనేవాళ్లం. లోపం మన నోటితో చెప్పకూడదన్నది నాకు ఎవరూ నేర్పకుండానే అబ్బిన విద్య. దాన్ని పోయిన వానాకాలం హైదరాబాదులో క్యాన్సర్ డాక్టరు ముందు ప్రదర్శించాను.

మా అక్కకు ఊపిరితిత్తుల క్యాన్సర్. కీమో పనిచేయకపోతే ఇమ్యునోథెరపీ మొదలుపెట్టారు. డాక్టరు బొమ్మ గీసి మరీ చెప్పాడు. ఒంట్లోని కాపలా కణాల మీద బ్రేకుల్లాంటి గ్రాహకాలు ఉంటాయట. ఆ కణాలు సొంత ఒంటి మీద పడకుండా ఈ బ్రేకులే ఆపుతాయి. క్యాన్సర్ ఆ బ్రేకు నొక్కి తప్పించుకుంటుంది. ఈ మందు దాన్ని నొక్కనివ్వదు.

"బ్రేకు లేని బండి మన గోడనే గుద్దొచ్చు. ఏ చిన్న తేడా వచ్చినా చెప్పాలి" అన్నాడు.

నేను గట్టిగా తలూపాను. తలూపడంలో నన్ను మించినవాడు లేడు.

మందు పట్టింది. స్కానులో గడ్డ చిన్నదైంది, దగ్గు తగ్గింది. తర్వాతి ఇంజక్షన్‌కు వెళ్తుంటే గోదావరి వంతెన దాటగానే అక్క కారు ఆపమంది. మహాదేవపూర్ రాకముందే మళ్లీ ఆపమంది.

"ఏం తిన్నవక్కా?"

"గంజి తప్ప ఏం తిన్నరా! వారం సంది కడుపు గిట్లనే. చెప్తే పరేషాన్ అయితవని చెప్పలే."

"డాక్టర్ సాబ్‌కు చెప్పకు. మందు ఆపుతడు. అంత మంచిగున్నదను."

"నన్ను పెట్టుకొని గూడ బేరమేనారా తమ్మీ?" అని నవ్వింది.

ఆసుపత్రిలో డాక్టరు అడిగాడు. "మోషన్స్ ఎలా ఉన్నాయమ్మా?"

"ఫస్ట్ క్లాస్ సార్" అన్నాను. అక్క కడుపుకు హామీ నాది.

"ఆయాసం?"

"అస్సలు లేదు సార్. జర జల్ది ఇయ్యున్రి, మళ్ల దూరం పోవాలె."

డాక్టరు నా వైపు చూడటం లేదు. అక్క ఎండిన పెదవుల్ని చూశాడు. ఆమె చేతి మీద చర్మాన్ని పట్టి వదిలితే మడత అలాగే నిలిచింది.

"కడుపు ఆగుతలేదు సార్" అంది అక్క. "నెత్తురు గూడ పడ్డది."

నెత్తురు సంగతి నాకూ తెలియదు.

"కాపలా కణాలు పేగు మీద పడ్డాయి" అన్నాడు డాక్టరు. "ఇప్పుడు ఇంజక్షన్ ఇస్తే ప్రాణానికే ముప్పు. వెంటనే అడ్మిట్ చేసి స్టెరాయిడ్లు పెట్టాలి. ఈ మందు మళ్లీ ఇవ్వగలమో లేదో తర్వాత చూద్దాం."

అప్పుడన్నా నోరు మూసుకోవాలి కదా. "సగం డోసన్న ఇయ్యరాదా సార్?" అన్నాను.

నర్సు చేతిలో పని ఆపి నన్ను చూసింది.

"మీరు బయట కూర్చోండి" అన్నాడు డాక్టరు.

తలుపు పూర్తిగా పడలేదు. అక్క ఒక్కొక్కటే చెబుతోంది. నొప్పి ఎక్కడ, ఎప్పటి నుంచి, బాత్రూములో ఎలా కూలబడింది. మా ఇంట్లో ఎవరికీ చెప్పనివన్నీ చెప్పింది. చివరికి గొంతు తగ్గించింది.

"వాన్ని ఏమనకున్రి సార్. నేను పోతనని వానికి భయం."

డాక్టరు నిజంగానే ఏమీ అనలేదు. అని ఉంటే బాగుండేది. తిరిగి ఏదో ఒకటి అనేవాణ్ని.