రెండు మూటలు

కార్ఖానా ఏరియాలో ఒక అపార్ట్‌మెంటు సెల్లార్‌లో పద్దెనిమిదేళ్లుగా ఇస్త్రీ చేస్తున్న బుచ్చమ్మకు ఒక గర్వం ఉంది. ఏ కాపురం ఎటు పోతోందో బట్టల మూట చూసి చెప్పేయగలనని. మొగుడి చొక్కాలు, పెళ్లాం చీరలు ఒకే దుప్పట్లో వచ్చినంత కాలం ఫర్వాలేదు. వేర్వేరు మూటలు మొదలయ్యాయంటే కొన్నాళ్లకు గేటు దగ్గర సామాన్ల ఆటో ఆగాల్సిందే. ఇప్పటికి మూడిళ్లు అలాగే విడిపోయాయి. ఆమె అంచనా ఒక్కసారి కూడా తప్పలేదు.

ఇంత తెలిసిన మనిషికి, అదే బల్లకు అటువైపు ఇస్త్రీ చేసే సొంత మొగుడు జంగయ్య నోరు విప్పి ఐదు రోజులైందన్నది మాత్రం పెద్ద సంగతిగా తోచలేదు. సోమవారం ఆయన ఎవరిదో పట్టుచీర అంచు కాల్చాడు. తప్పే. కానీ బుచ్చమ్మ నలుగురు గిరాకీల ముందు నడుం మీద చేతులు పెట్టుకుని, "ఈయనకు ఏం పని చాతనైతది? పెండ్లయిన కాడికెల్లి నేనే మోస్తున్న" అంది. అందరూ నవ్వారు. జంగయ్య కూడా నవ్వాడు. నవ్వి, పెట్టెలో బొగ్గులు ఊదుకున్నాడు.

ఇలాంటి మాటలు ఆమెకు కొత్త కాదు. ఒకప్పుడు ఆయన ఎదురు తిరిగేవాడు, అన్నం ముందు నుంచి లేచిపోయేవాడు. ఈమధ్య అదీ మానేశాడు. బుద్ధొచ్చిందనుకుని మురిసిపోయింది, పిచ్చిది. ఎంత గొడవైనా ఆదివారం పొద్దున ఆయన చొక్కాలు తన చేత్తో ఇస్త్రీ చేసి మంచం మీద పెట్టేది. నోటితో చెప్పలేనిదంతా అందులోనే చెప్పేది. ఆ చొక్కాలు ఇంకెవరినీ ముట్టనిచ్చేది కాదు. ఈసారీ ఆదివారంతో సర్దుకుంటుందిలే అనుకుంది.

శనివారం పొద్దున మూడో అంతస్తు స్వర్ణలత రెండు మూటలు తెచ్చి బల్ల మీద పెట్టింది. బుచ్చమ్మ ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టింది.

"ఏంది బిడ్డా, సార్‌వి అలగ్ కట్టినవ్? కొట్లాడిండ్రా?"

"కొట్లాట ఎప్పుడో బందైంది బుచ్చమ్మా. కొట్లాడినప్పుడే మంచిగుండె. ఇప్పుడు నేనేమన్నా ఊకుంటడు. ఇంట్ల ఉన్నా లేనట్టే."

ఏదో ఓదార్పు చెప్పబోయి బుచ్చమ్మ బల్లకు అటువైపు చూసింది. జంగయ్య ఇస్త్రీ చేస్తున్నది గిరాకీల బట్ట కాదు. తన నీలం చొక్కా.

"గవి రేపు నేను చేస్తుంటి గదా?" అంది.

"నీకెందుకు తక్లీఫ్. అయిపోయినయ్."

ఆ మాటలో కోపం లేదు. కోపం ఉంటే ఆమెకు అంత భయం వేసేది కాదు. ఆయన నాలుగు చొక్కాలూ నిదానంగా మడిచి, పాత లుంగీలో పెట్టి ముడి వేశాడు. స్వర్ణలత ఆ మూట వైపు చూసింది, తర్వాత బుచ్చమ్మ వైపు చూసింది.

పద్దెనిమిదేళ్లలో మొదటిసారి, తన అంచనా తప్పాలని బుచ్చమ్మ దేవుళ్లందరికీ మొక్కుకుంది.